కొయ్యకును ఇనుమునకును నడుమ

తుపాకి యనగానే మన కన్నులకు ముందుగా కట్టునది దాని గొట్టము. గుండు వెలువడునది గొట్టమునుండియే గనుక ప్రసిద్ధి యంతయు దానికే దక్కినది. కాని ఆ గొట్టమును, దాని వెనుకనున్న యంత్రభాగమును ఒడిలో నిడుకొని, సైనికుని భుజమున కానుకొని, పేలుడు యొక్క వెనుకతన్నును భరించు భాగము మరొకటి కలదు. ఇంగ్లీషువారు దానిని స్టాకు అందురు. హిందుస్తానీలో కుందా అందురు. దాని వెనుక కొసను మనవారు తుపాకి మడమ అందురు. చేతితుపాకి పుట్టిన నాడు ఇది ఒక కర్ర మాత్రమే. నేడది గాజునారతోను, కృత్రిమమైన జిగురుతోను పోత పోసిన వస్తువు. కర్రనుండి గాజువరకు సాగిన ఈ ప్రయాణమును రంగు మారిన కథగా చెప్పుటయే పరిపాటి. మాకు మాత్రము అది ఒక సందు కథగా తోచుచున్నది. ఇనుమునకును, దానిని మోయు పదార్థమునకును నడుమ వెంట్రుకవాసి వెడల్పున ఏర్పడు సందును ఎట్లు పూడ్చవలెనను చింతయే ఈ కథను ముందుకు నడిపినది.

ఈ వెంట్రుకవాసికి అంత విలువ యేల వచ్చెనో ముందుగా చెప్పుకొందము. తుపాకి పేలినప్పుడు గొట్టము మ్రోగిన తీగవలె కంపించును. ప్రతిసారియు ఒకే విధముగా కంపించినచో గుండ్లు ఒకే చోటికి చేరును. గొట్టమును మోయు ఆధారము ఒకనాడు బిగువుగను, మరొకనాడు వదులుగను ఉన్నచో కంపనము మారును, గురియు మారును. కోణములో ఒక డిగ్రీని అరువది భాగములు చేయగా వచ్చిన ఒక్క భాగము తేడా వచ్చినచో, 100 గజముల దూరమున గుండు సుమారు 1 అంగుళము తొలగును. 600 గజముల దూరమున 6 అంగుళములు తొలగును. ఆటస్థలమున దీనివలన పోవునది ఒక పతకము. యుద్ధభూమిలో ఏమి పోవునో వేరుగా చెప్పనక్కరలేదు.

యూరపు, అమెరికాలలో తుపాకి చేయువారు శతాబ్దములు తరబడి అక్రోటు కొయ్యను మెచ్చుకొనిరి. అది బలమైనదే గాని మితిమీరిన బరువు లేనిది, ఉలికి లొంగును, సులభముగా పెళ్లలు లేవదు. అన్నింటికి మించి, ఎండకు వానకు తక్కిన కొయ్యలంత ఎక్కువగా వంకరపోదు. ‘అంత ఎక్కువగా’ అను మాటను పాఠకులు గుర్తుంచుకొనవలెను. వంకరపోనే పోని కొయ్య లోకమున లేదు. శ్రావణమాసపు ముసురులో మన వీధితలుపు గడపకు పట్టుకొని కదలకుండుటయు, వేసవిలో అదే తలుపు సందునుండి వెలుతురు కనబడుటయు మన మెరుగనివి కావు. కొయ్య చచ్చిన తరువాతకూడ ఊపిరి పీల్చుచునే యుండును. నార వెంబడి నిలువున అది దాదాపుగా పెరగదు, తరగదు. అడ్డముగా మాత్రము, పచ్చికొయ్య పూర్తిగా ఎండునప్పటికి, నూటికి ఏడెనిమిది వంతులవరకు కుంచించుకొనిపోగలదు. ఇనుమునకు ఈ గుణము లేదు. ఈ యిద్దరిని ఒకే కాపురమున పెట్టినవారు సందును కూడ వెంటబెట్టుకొని తెచ్చుకొన్నారనవలెను.

మన దేశమున ఈ కాపురపు కష్టములను ఎక్కువగా చూచిన తుపాకి త్రీనాట్‌త్రీ. లీ ఎన్‌ఫీల్డు అను ఈ రైఫిలు తెలుగు పల్లెలలో పోలీసుల భుజముల మీద మూడు తరములవారికి పరిచితమైనది. బెంగాలులోని ఇషాపూరులో, 18వ శతాబ్దమునుండి తుపాకిమందు చేయుచుండిన స్థలమున, 1904లో తుపాకుల కర్మాగారము వెలసినది. ఎన్‌ఫీల్డు రైఫిళ్లు అచ్చటినుండి లక్షలాదిగా వెలువడినవి. ఉత్తర ప్రదేశ్ పోలీసులు దీనికి సగౌరవముగా వీడ్కోలు పలికినది 2020 గణతంత్రదినమున. ఇంత దీర్ఘాయువు ఆయుధములలో అరుదు.

ఈ రైఫిలులో పేలుడు తన్నును స్వీకరించు కొయ్యతావులు రెండు మాత్రమే. యంత్రభాగము వెనుక చివర, కుడి యెడమల, చేతి బొటనవ్రేలి గోరంత చిన్న ముఖములు. అవి ఇనుమునకు నిండుగా ఒరసికొని యున్నంతకాలము అన్నియు క్షేమము. అవిసెనూనె ఆరిపోయి, కొయ్య ఎండి, అక్కడ కాగితమంత సందు ఏర్పడెనా, ఇక ప్రతి పేలుడుకును ఇనుము సుత్తివలె కొయ్యను మోదును. సందు పెరుగును, దెబ్బయు పెరుగును, తుదకు కొయ్య వెనుకనుండి చీలును. పటాలములలోని ఆయుధశిల్పులు ఈ తావులను ఉలితో చదరముగా తొలచి, గట్టి కొయ్యముక్కలను అతికి, ఇనుమునకు మసి పూసి పెట్టి తీసి, మసి అంటిన చోటనెల్ల కొంచెము కొంచెము గీకి, నిండైన స్పర్శను తిరిగి సాధించెడివారు. వ్రాయుటకు ఒక వాక్యము. చేయుటకు ఒక పూట పని.

ఇషాపూరువారు చేసిన ఉపాయము వేరు. ముందుకొయ్య చీలు అవకాశమున్న చోట, దానికి అడ్డముగా ఒక మర దూర్చి బిగించిరి. తుపాకులు సేకరించు విదేశీయులు నేటికిని దానిని ‘ఇషాపూరు మర’ అనియే పిలుతురు. ఆస్ట్రేలియాలోని లిత్‌గో కర్మాగారమువారికి అక్రోటు దొరకక స్వదేశపు కోచ్‌వుడ్ అను మెత్తని కొయ్యను వాడవలసివచ్చినది. రెండవ ప్రపంచయుద్ధకాలమున వారు ఆ చిన్న ముఖములపై రాగిరేకులు తొడిగిరి. ఒకే రోగమునకు ఇక్కడ ఇనుపమర, అక్కడ రాగిరేకు! కాని రెండును సందును భరించు ఉపాయములే గాని, పూడ్చు ఉపాయములు కావు. సందు ఆకారమును తనంతట తానే తెలిసికొని, అందులో ప్రవహించి, అక్కడనే గట్టిపడి, మరల ఎన్నడును కుంగని పదార్థమొకటి కావలెను.

ఇట్టి పదార్థపు ఊహ మనకు క్రొత్తది కాదు. కొండపల్లి బొమ్మలు చేయువారు తెల్లపొణికి కొయ్యతో అంగములు వేర్వేరుగా చెక్కి, చింతగింజల పిండిని రంపపుపొట్టుతో కలిపిన మక్కుతో అతికి, సందులు పూడ్చి, ఆరిన పిదప నునుపు చేసి రంగులు వేయుదురు. మక్కులో రెండు వస్తువులున్నవి. ఒకటి అంటుకొనునది, రెండవది ఒడలునిచ్చునది. ఒంటరిగా జిగురు ఎండి పగులును. ఒంటరిగా పొట్టు రాలిపోవును. మేము ఇక చెప్పబోవు గాజుమక్కు రహస్యము కూడ ఇంతియే. భేదమెల్ల జిగురులోను పొట్టులోను ఉన్నది.

పొట్టు సంగతి ముందు చూతము. గాజు పెళుసు, అట్టిది బలమునిచ్చుననుట వింతగా తోచును. ఇంగ్లండులో గ్రిఫిత్ అను శాస్త్రజ్ఞుడు 1921లో ప్రచురించిన పరిశోధనలో ఈ చిక్కు విప్పెను. గాజు బలహీనతకు కారణము గాజు కాదు. దానిపై నున్న కంటికి కనబడని పగుళ్లు. గాజును సన్నని నారగా తీసినకొలది ఆ పగుళ్లు చిన్నవగును. నార బలము మిక్కుటముగా పెరుగును. ఇది సిద్ధాంతము. నారను చౌకగా, విరివిగా తీయు మార్గము దొరికినది మాత్రము అనుకోకుండ. 1932లో అమెరికాలోని ఓవెన్స్ ఇల్లినాయ్ గాజుసంస్థలో డేల్ క్లైస్ట్ అను యువకుడు రెండు గాజుదిమ్మలను గాలి చొరకుండ అతుకుటకు ప్రయత్నించుచు, కరగిన గాజును చిమ్ముచుండెను. బలమైన గాలిధార తగిలి ఆ గాజు సన్నని పోగులై ఎగిరినది. గేమ్స్ స్లేటర్ అను ఇంజనీరు నాయకత్వమున ఆ పోగులే పరిశ్రమగా పెరిగి, 1938లో ఓవెన్స్ కార్నింగ్ సంస్థ యేర్పడినది. ఒక సందు పూడ్చబోయిన ప్రయత్నమునుండి గాజునార పరిశ్రమ పుట్టెనన్నమాట!

జిగురు చరిత్రయు ఇట్టిదే. స్విట్జర్లండులో పియర్ కాస్టాన్ అను రసాయనజ్ఞుడు దంతవైద్యపు సామగ్రి చేయు సంస్థలో నుండి, కట్టుడుపండ్లకు తగిన పదార్థమును వెదకెను. వేడిలో గట్టిపడునది, కుంచించుకొనిపోనిది కావలెను. పండ్లచిగుళ్ల మధ్య సందు ఏర్పడిన కట్టుడుపన్ను ఎవరికి పనికివచ్చును? 1930 దశకము చివర అతడు కనుగొన్న ఇపాక్సీ రెజిన్ పండ్లకు కలిసిరాలేదు. సీబా అను సంస్థ ఆ హక్కులు గైకొని 1946లో దానిని ఆరాల్డైట్ అను పేర లోకమునకు ప్రదర్శించినది. రెండు గొట్టములనుండి సమముగా పిండి, పుల్లతో కలిపి, విరిగిన పింగాణికప్పు చెవి అతుకుట మన ఇండ్లలో చేయని వారెవరు? అదే ఇది.

యుద్ధకాలమున గాజునారను మరొక విధమైన జిగురుతో, పాలియెస్టరుతో, కలిపి విమానములలోని రాడారుకు కప్పులు చేసిరి. రేడియోతరంగములు లోహమును దాటలేవు, ఈ గాజుకప్పును అవలీలగా దాటును. మా వృత్తికి చేరువైన విషయము గనుక ఈ ఒక్క మాట చెప్పి ముందుకు సాగుచున్నాము.

యుద్ధానంతరము ఈ జిగురు, ఈ నార తుపాకి పనివారి బల్లమీదికి వచ్చినవి. అప్పుడు వారు చేసినది కొయ్యను త్రోసివేయుట కాదు. కొయ్యలో సందు పూడ్చుట. యంత్రభాగము కూర్చుండు చోట కొయ్యను కొంచెము అదనముగా తొలుతురు. ఇనుమునకు మైనము పూయుదురు. దాని గుంటలలో, మరరంధ్రములలో బంకమన్ను కూరుదురు. తరువాత జిగురులో గాజునార ముక్కలు కలిపిన మక్కును కొయ్యలో పరచి, ఇనుమును దానిపై దింపుదురు. మరునాడు ఇనుమును పైకి తీయగా, దాని ప్రతి వంపును, ఉలిగాటును కూడ విడువక, అద్దములో ప్రతిబింబమువలె మక్కులో దిగియుండును. ఆయుధశిల్పి పూటంతయు మసి పూసి, గీకి సాధించెడి స్పర్శను ఈ పదార్థము నిద్రపోవు వేళ సాధించును. మైనము ఒక్కచోట మరచినచో మాత్రము కొయ్యయు ఇనుమును విడరాని దంపతులగును. విడదీయుటకు రంపమే శరణ్యము. 1960 దశకమున అమెరికా సైన్యము పోటీలకై ప్రత్యేకముగా తయారుచేసిన ఎమ్ 14 రైఫిళ్లకు ఈ గాజుపరుపు వేసిరి.

ఇక్కడ ఒక విచిత్రము కలదు. యంత్రభాగము క్రింద వెంట్రుకంత సందును సహింపని ఈ శిల్పులే, గొట్టము క్రింద ముందుభాగమున కావలెనని సందు విడుతురు. గొట్టము దేనికిని తగులక గాలిలో తేలవలెను. అప్పుడే దాని కంపనమునకు అడ్డముండదు. ఒక కరెన్సీనోటును గొట్టము క్రింద దూర్చి వెనుకవరకు లాగి చూతురు. ఎక్కడ అడ్డుపడెనో అక్కడ కొయ్యను గీకుదురు. ఏ సందు పూడ్చవలెనో ఏది విడువవలెనో తెలియుటయే ఈ విద్యలో సగము.

కొయ్యను పూర్తిగా తొలగించినది వియత్నాం. అచ్చటి ఎడతెగని వానలో, ఉక్కలో అక్రోటుకొయ్య ఉబ్బి, కోరి విడిచిన ఆ సందును మూసివేసి గొట్టమును నొక్కెడిది. ఎమ్ 14 రైఫిలుకు గాజునార స్టాకు ఆ దశకముననే వచ్చినది. దూరపు గురికాండ్ర విషయము మరింత కఠినము. 1966లో అమెరికా మెరీను దళము రెమింగ్టన్ 700 అను రైఫిలును ఎమ్ 40 పేర స్వీకరించినది. దాని స్టాకు అక్రోటు. నేడు గురి సరిచూచుకొని పండుకొన్న సైనికుడు, రాత్రి కురిసిన వాన తరువాత, రేపు అదే గురిని నమ్మవచ్చునో లేదో ఎరుగడు. ఒక్క గుండుతో పని ముగింపవలసినవానికి ఇంతకు మించిన వంచన లేదు. శత్రువు కాదు, తన చేతిలోని కొయ్యయే వానిని వంచించుచున్నది. 1970 దశకమున మెరీను ఆయుధశిల్పులు క్వాంటికోలో ఆ రైఫిళ్లను విప్పి, మెక్‌మిలన్ సంస్థ చేసిన గాజునార స్టాకులలో తిరిగి కూర్చిరి. అదియే ఎమ్ 40 ఏ 1. గాజు స్టాకులో ఇనుమును కూర్చుండబెట్టుటకు వారు వాడిన మక్కు మెరైన్‌టెక్స్, పడవల మరమ్మతునకై పుట్టిన ఇపాక్సీ!

గాజు స్టాకు వచ్చెను గనుక సందు కథ ముగిసినదని పాఠకులు తలపవచ్చును. ముగియలేదు. కొయ్య సందులు ఋతువులు చేసినవి; గాజు సందులు మనుష్యుని చేతులు చేసినవి. స్టాకును సాధారణముగా రెండు అరలుగా అచ్చులలో పోసి నడుమ అతుకుదురు. ఆ అతుకు వెంబడి సందు మిగులవచ్చును. గాజుగుడ్డను అచ్చులోని మూలలకు బాగుగా అదుమనిచో అది మూలను తాకక వంతెనవలె దాటిపోవును. దాని వెనుక బోలు. జిగురులో చిక్కుకొన్న గాలిబుడగలు రంగు గీకిన తరువాత సూదిబెజ్జములై బయటపడును. ఇవి గాక, ఒక యంత్రభాగమునకై పోసిన స్టాకులో మరొకటి పెట్టినచో నాలుగు వైపుల వదులు.

బోలును కనిపెట్టు పద్ధతి మన కుండలంగడిలోనిదే. నాణెముతో వరుసగా తట్టుచు పోవలెను. గట్టిచోట కంగుమనును, బోలుచోట బోదగా పలుకును. అచ్చట రెండు చిన్న రంధ్రములు చేసి, ఒకదానిలో పిచికారితో జిగురు ఎక్కింతురు. రెండవది గాలి పోవుటకు. ఈ రెండవ రంధ్రము మరచినచో జిగురు పోవుటకు చోటుండదు. పైకి కనబడు సందునకైనచో ముందు పని శుభ్రము. తుపాకినూనె, అచ్చుమైనము ఉన్నచోట ఏ మక్కును అంటదు. అసిటోనుతో తుడిచి, ఉప్పుకాగితముతో గరుకు చేసి, మరల తుడువవలెను. గాజుధూళి చర్మమునకు దురద, ఊపిరితిత్తులకు హాని గనుక ముక్కునకు గుడ్డ తప్పదు.

జిగురులలో ఎన్నిక కూడ కలదు. పాలియెస్టరు చౌక, కాని గట్టిపడునప్పుడు నూటికి ఏడు వంతులవరకు కుంచించుకొనును. అనగా పూడ్చిన సందును తానే మరల తెరచును. ఇపాక్సీ కుంచింపు చాల స్వల్పము; అందుచేత ఇనుము కూర్చుండు చోట దానినే వాడుదురు. గట్టిపరచు ద్రవమును ఎక్కువ పోసినచో త్వరగా ఆరునని కొందరి భ్రమ. ఇపాక్సీలో రెండును చెప్పిన పాళ్లలోనే కలిసి ఒకటగును. మిగిలినది జిడ్డుగా మిగిలిపోవును. లోతైన గుంటను ఒకేసారి నింపిన, జిగురు లోలోపల కాగి పగులును. పొరలు పొరలుగా నింపవలెను.

మక్కులో ఏమి కలుపవలెననుట అన్నింటికంటె ముఖ్యము. పొరపాట్లు ఎక్కువగా జరుగు తావు కూడ ఇదియే. పిండివంటి బోలుగాజు గుళికలు కలిపిన మక్కు తేలిక, గీకుటకు వెన్నవంటిది, రంగు క్రింద నున్నగా నుండును. ఇనుపతన్నును మోయు చోట దానిని పెట్టిన అది నలిగిపోవును. అక్కడ నారముక్కలు గల మక్కు కావలెను. చేతితో పట్టుకొను సన్నని నడుము వద్ద స్టాకు విరిగినచో ఏ మక్కును చాలదు. పగులు లోతునకు పన్నెండింతల వెడల్పున అంచులను వాలుగా గీకి, ఒకదానికంటె ఒకటి పెద్దదిగా గాజుగుడ్డలు జిగురుతో తడిపి పరచవలెనని పడవలవారి లెక్క. సందు పూడ్చుట వేరు, తెగిన నారను తిరిగి ముడివేయుట వేరు. పైకి రెండును ఒకే నునుపుతో, ఒకే రంగుతో మెరయును; భుజమునకు ఆనించి మీట నొక్కిన నాడుగాని భేదము తెలియదు. ఆ నాడు తెలిసిన ప్రయోజనమేమి? మన దేశమున 1959 నాటి ఆయుధముల చట్టము తుపాకి మరమ్మతును లైసెన్సు గలవారికే విడిచినది. దీనిని కొందరు చాదస్తమందురు. ఆ నునుపు క్రింద ఏమున్నదో తలచినచో మాకట్లు తోచదు.

1988లో అమెరికా సైన్యము స్వీకరించిన ఎమ్ 24 రైఫిలులో స్టాకు కృత్రిమనారలది. దాని కడుపులో యంత్రభాగమును మోయుటకు అల్యూమినియపు దిమ్మ నమర్చిరి. ఇనుము లోహముపైననే కూర్చుండును; వానకు ఉబ్బదు, ఎండకు కుంగదు. సందునకు ఇక తావెక్కడ? అయినను నేటి తుపాకిశిల్పులలో పలువురు, ఇట్టి లోహపుదిమ్మ గల స్టాకు చేతికి వచ్చినను, ఇనుమునకు మైనము పూసి, ఆ దిమ్మపై కాగితమంత పలుచగా ఇపాక్సీ మక్కును అలదియే యంత్రమును దింపుదురు.